నాలుగు బండ్లకు ఒకటే గొలుసు

మేముండేది చిల్కానగర్‌లో ఒక పాత బిల్డింగు. కింద రెండు పోర్షన్లు, పైన రెండు, ఆపైన ఓనరమ్మ ఒక్కతే. గేటు నుంచి మెట్ల దాకా ఉన్న సందే బండ్లు పెట్టుకునే జాగా. నాలుగిళ్లకూ నాలుగు బండ్లు. ఒకదాని వెనక ఒకటి పెడితే తప్ప పట్టవు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరూ హ్యాండిల్ లాక్ వేయకూడదు, బండి న్యూట్రల్‌లోనే ఉండాలి. ముందు పోయేవాళ్లు అడ్డమున్న బండ్లను గల్లీలోకి నెట్టి, తమది తీసుకుని, మళ్లీ వాటిని లోపల పెట్టి పోవాలి. మా ఆయనది నాచారంలో ఫ్యాక్టరీ పని. ఫస్ట్ షిఫ్టు ఉన్నప్పుడు ఆ నెట్టుడంతా ఆయనదే. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడేదాన్ని.

పోయిన ఎండాకాలం వెనక గల్లీలో పట్టపగలు ఒక బండి పోయింది. ఒకాయన కిరాణం షాపు ముందు ఆపి, పాలప్యాకెట్ తీసుకుని వెనక్కి తిరిగేసరికి లేదట. ఆ మాట విన్నాక మా బిల్డింగులో ఒకరి తర్వాత ఒకరు హ్యాండిల్ లాక్ వేయడం మొదలుపెట్టారు. పొద్దున్నే మా ఆయన తలుపులు కొట్టి అందరినీ లేపాల్సి వచ్చేది. వాళ్లు మొహాలు ముడుచుకునేవాళ్లు.

"మీ తాళానికి దొంగ ఆగుతడో లేదో గాని, నేనైతె ఆగిపోతున్న," అన్నాడు ఒకరోజు అందరినీ పిలిచి.

ఆలోచన కూడా ఆయనే చెప్పాడు. ఉప్పల్‌లో ఇనుప సామాను షాపుకు పోయి పొడుగాటి గొలుసు తెచ్చాడు. నాలుగు బండ్ల చక్రాల్లోంచి దూర్చి, గేటు పక్కనున్న ఇనుప స్తంభానికి చుట్టి, ఒకే తాళం వేశాడు. షాపులో తాళాలన్నీ చేత్తో తూచి చూసి మరీ బరువైనది ఏరుకున్నాడట. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు.

పై పోర్షన్లో కొరియర్ పని చేసే తమ్ముడు ఒకతను ఉంటాడు. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు.

"అన్నా, బర్రెలను కట్టేసినట్టు కట్టేసినవ్ గదనే. గడ్డి గూడ ఏస్తవా?"

"ఏస్త గాని, ముందు నువ్వు పాలిస్తవా సెప్పు," అన్నాడు మా ఆయన.

తాళంచెవి ఒకటి ఎక్కడో పడిపోయింది, ఇంకొకటి మిగిలింది. అది ఎవరి దగ్గరుండాలి అంటే, ఓనరమ్మే చెయ్యి చాపింది.

"నాకియ్యి బిడ్డా. నా మోకాళ్లతోని నేనెటు పోత. తెల్లారకముందె లేస్త, నేనే ఇప్పుత."

నిజంగానే ఇప్పేది. చెవి కొంగుకు ముడేసుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగేది. అందరూ నిశ్చింతగా పడుకునేవాళ్లు.

ఒక ఆదివారం ఆమెను కాప్రాలో వాళ్ల చెల్లెలి మనవరాలి ఉయ్యాల ఫంక్షన్‌కు చుట్టాలు వచ్చి, మెల్లగా మెయిన్ రోడ్డు దాకా నడిపించి, తీసుకుపోయారు. సెలవు కదా, పొద్దున గొలుసు ఇప్పమని ఎవరూ అడగలేదు; అందరూ ఇళ్లలోనే ఉన్నారు, బండ్లన్నీ సందులోనే ఉన్నాయి. మా ఆయన నడిచిపోయి మటన్ తెచ్చి, నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఒలిచిన రెబ్బలు చేతిలోంచి జారిపోతున్నాయి.

"ఏందయ్యా, అన్నీ కింద పారేస్తున్నవ్," అన్నాను.

తలెత్తాడు. నోరు ఒక పక్కకు పోయింది. నన్ను నవ్వించడానికి అట్లా పెట్టాడనుకున్నాను, ఆయనకు ఆ అలవాటుంది. తర్వాత కుడి చెయ్యి ఒడిలో పడిపోయింది.

నా కేక విని కొరియర్ తమ్ముడు దిగి వచ్చాడు. "వదినా, నువ్వు ఎనక కూసోని గట్టిగ పట్టుకో, నేను తీస్కపోత," అని సందులోకి పరుగెత్తాడు. అక్కడ గొలుసు ఉంది. ఓనరమ్మకు ఫోన్ చేస్తే పైన ఆమె గదిలోనే మోగింది. గల్లీ అంతా డ్రైనేజీ పైపుల కోసం తవ్వి పెట్టారు, బండి తప్ప ఇంకేదీ లోపలికి రాదు. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, మెయిన్ రోడ్డు మీదికి తీసుకురండి, వస్తున్నాం అన్నారు. ఒకరు తాళాన్ని రాయితో కొట్టారు, ఇంకొకరు రోకలితో కొట్టారు. మా ఆయన గోడకు ఆనుకుని, వాళ్లు కొడుతుంటే చూస్తున్నాడు. ఆ తాళానికి చిన్న సొట్ట కూడా పడలేదు.

చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టి మట్టికుప్పల మీదుగా రోడ్డు దాకా మోశారు. దవాఖానాలో డాక్టరమ్మ ఎప్పుడు మొదలైందని అడిగింది. చెప్పాను. "ఇంకొంచెం ముందు తెస్తే బాగుండేదమ్మా," అంది. నేను సరే అన్నాను.

సాయంత్రం ఓనరమ్మ దవాఖానాకు వచ్చింది. కొంగు ముడి అట్లాగే ఉంది. నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"ఇట్లయితదని నీకేం దెలుసమ్మా. లే, కింద సల్లగున్నది," అన్నాను. ఆమె మీద కోపం వస్తుందేమోనని చాలాసేపు చూసుకున్నాను. రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంటికి పోయాక మటన్ పాడైంది కదా అనుకున్నాను, అంతే.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేస్తాడు. మాట సగం అర్థమవుతుంది. కుడి చెయ్యి పైకి లేవదు, యాక్సిలరేటర్ తిప్పడం అయ్యే పని కాదు. ఫ్యాక్టరీ సంగతి మేం మాట్లాడుకోం. పొద్దున టీ తాగి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తింటాడు. ఆయన ఉన్నాడని బిల్డింగులో ఎవరూ గొలుసు వేయడం లేదు. వచ్చిన ప్రతివాళ్లూ బండి ఆపి, "అన్నా, జర సూస్తుండు," అంటారు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తుతాడు. గేటు ముందు కొత్తమనిషి ఎవరైనా నిలబడితే గట్టిగా దగ్గుతాడు.

మొన్న కొరియర్ తమ్ముడు వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాడు. కాసేపు ఏదేదో మాట్లాడాడు.

"వదినా, అన్న బండి మెట్ల కిందికి జరుపమంటవా? అది ఎట్లాగు..." అని ఆపేశాడు.

"జరుపు తమ్మీ. పొద్దుగాల నీకు అడ్డమైతున్నది గద."

అతను నెడుతుంటే కిటికీలోంచి చూశాను. మా ఆయన కుర్చీలోంచి సగం లేచి, ఎడమ చేత్తో ఇటు, ఇంకొంచెం ఇటు అని దారి చూపిస్తున్నాడు. అద్దం గోడకు తగలకుండా బండి లోపలికి పోయింది. నేను స్టవ్ మీద అన్నం చూసుకున్నాను.