ఎడమకాలి అలవాటు

హోటల్ బ్యాండు గిటారిస్టు గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే ఆరు విడి పెడళ్లు పదేళ్లుగా మోశాడు. రోజూ వాటిని చెక్కమీద పేర్చి, ఏ వైరు చచ్చిందో వంగి వెతికేసరికి నడుం పట్టేసేది. విసిగిపోయి, అన్ని శబ్దాలూ ఒకేదాంట్లో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె కొన్నాడు. వారంగా దాని మెనూలతో బుర్ర వేడెక్కిపోతోంది. ఇవాళ చరణం మొదలవగానే ఎడమకాలు అలవాటుగా గిటార్‌ను గరగరలాడించే పాత డిస్టార్షన్ పెడల్ ఉండే చోట నొక్కింది. కొత్త పెట్టెలో అక్కడున్నది శ్రుతి చూసుకునే ట్యూనర్ మీట. నొక్కితే గిటార్ మూగబోతుంది. డ్రమ్ముల హోరులో, కళ్లు మూసుకుని వాయిస్తున్నవాడికి చరణం అయిపోయేదాకా ఆ సంగతే తెలియలేదు. వేదిక దిగాక పెట్టెను సంచిలో కుక్కుతూ, "రేపట్నుంచి పాతవే తెస్తా," అని గొణిగాడు. బ్యాండులో పాడే చెల్లెలు మైకు వైరు చుడుతూ, "వద్దన్నయ్యా, ఇదే ఉంచు. ఇన్నాళ్లకి నా గొంతు నాకు వినపడింది," అంది.