లత చెప్పిన మ్యాచ్

ఇయ్యాల శుక్రారం, సెలవు. మస్కట్‌ల మా రూమ్ టీవీల మ్యాచ్ వస్తుంది గని కామెంటరీ మలయాళం. తెలుగు వినబుద్ధై, ధర్మపురిల ఉన్న నా భార్య లతకు ఫోన్ జేసి, "జర ఫోన్ మనింటి టీవీ పక్కన పెట్టు" అన్న. చెవుల తెలుగు వినుకుంట ఈడ బొమ్మ చూస్తున్న. ఈడ టీవీ ఉన్నదని లతకు చెప్పలే.

నడుమల తెలుగు గొంతు ఆగింది. "కరెంటు పోయింది, చార్జింగ్ లైటు ఎయ్యవే లతా" అని మా అవ్వ అనుడు వినవడ్డది.

లత మాత్రం, "సౌండు తక్కువ జేసిన, ఇగ నేనే చెప్త. అగో, ఫోర్ కొట్టిండు!" అన్నది.

ఈడ టీవీల మనోడు అవుటై, బ్యాటు సంకల పెట్టుకొని పోతుండు.

"అవునా? మల్లేమైంది?" అన్న.

లత మనోళ్లను గెలిపిచ్చినంకనే ఫోన్ పెట్టేసింది. రూమ్‌ల మల్ల మలయాళమే మిగిలింది.

మీరైతే కరెంటు ముచ్చట అడుగుదురా?