ధబ్‌ధబ్ చెయ్యి, పువ్వు ముద్ర

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ముప్ఫై నాలుగేళ్లు సర్కారు ఆఫీసులో తపాలా బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర వేశాను. ఒక్కటీ అలుక్కుపోలేదు, ఒక్కటీ తలకిందులు కాలేదు. ఒకే రోజు పదకొండు వందల కాగితాలకు వేసిన ఘనత కూడా నాదే. ఆ రోజు పెద్ద ఆఫీసరు స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చి భుజం తట్టారు. నా ముద్ర చప్పుడు రెండు గదుల అవతలికి వినపడేది. ఆఫీసంతా నన్ను ధబ్‌ధబ్ గారనే పిలిచేవాళ్లు.

అంతటి చేతికి డెబ్బై మూడో ఏట మళ్లీ ఓనమాలు దిద్దించాల్సి వచ్చింది.

మా కోడలు ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు చేస్తుంది. రబ్బరు ముద్రకు జిగట ఇంకు అద్ది కార్డు మీద పువ్వు వేస్తుంది. దాని మీద బంగారు రంగు పొడి చల్లి వేడిగాలి పట్టిస్తే, పొడి కరిగి పువ్వు వేలికి తగిలేలా ఉబ్బుతుంది. రెండేళ్లుగా పదో ఇరవయ్యో అడిగేవాళ్లే. మొదటిసారి ఒక కాన్పుల ఆసుపత్రి పెద్ద నర్సు, ఆ ఏడాది అక్కడ కాన్పైన తల్లులందరికీ ఇవ్వాలని నూట ఇరవై అడిగింది. శుక్రవారం సాయంత్రానికి కావాలంది. సోమవారం పొద్దున్నే కోడలు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

కట్టుతో వచ్చి కూర్చుంది. ఏడవలేదు. ఈ ఆర్డరు తప్పితే తన కార్డులు మళ్లీ ఎవరూ నమ్మరని, పెట్టెలన్నీ అటకెక్కించి మునుపు పనిచేసిన షాపులో బిల్లుల కౌంటరుకే పోతానని నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదే నాకు గుచ్చుకుంది. ముద్రే కదా, నేను వేస్తానన్నాను. మా ఆవిడ నవ్వాపుకుంటూ వంటింట్లోకి పోయింది.

ఇంకు అద్దాను, కొట్టాను. బల్ల మీది కత్తెర ఎగిరింది. రేకులు అలుక్కుపోయి, పక్కన రబ్బరు అంచు గీత కూడా పడింది.

"మామయ్యా, అది ఫైలు కాదు, పువ్వు," అంది కోడలు.

అదనపు కార్డులు ఎనిమిదే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆరు చెడగొట్టాను. తల్లులకు కార్డులకన్నా ముందు క్షమాపణ చీటీలు వెళ్లేలా ఉన్నాయంది మా ఆవిడ. కోడలు నర్సుకు చెప్పేద్దామని ఫోను అందుకుంది.

"రేపు పొద్దున దాకా ఆగమ్మా," అన్నాను. "ముప్ఫై నాలుగేళ్ల చెయ్యి ఒక్క పూటలో మాట వింటుందా?"

పాత పేపర్లు ముందేసుకుని సాయంత్రం దాకా ముద్రలు వేస్తూనే ఉన్నాను. ఎంత ఆపుకున్నా మోచెయ్యి లేస్తుంది. లేచిందంటే కొట్టకుండా దిగదు. తప్పంతా ఆ మోచేతిదేనని అప్పుడు తెలిసింది. తువ్వాలుతో దాన్ని నా పక్కటెముకలకు కట్టెయ్యమని మా ఆవిణ్ణి పిలిచాను. ఇన్నాళ్లకు నా చేతికి చిక్కారంటూ గట్టిగా బిగించింది. ఇక చెయ్యి ఎగరడానికి దారి లేదు. నిలబడి, ముద్రను కాగితం మీద ఆనించి, ఒళ్లంతా వంచి, ఒకటి రెండు అనుకుని నిటారుగా లేచాను. చప్పుడు లేదు. రేకు రేకూ విడివిడిగా పడింది.

మర్నాటి నుంచి ముద్ర నాది. కోడలు ఎడమ చేత్తోనే పొడి చల్లి వేడి పట్టించింది. మడతలు మా ఆవిడవి. మంగళవారం ముప్ఫై, బుధవారం నలభై ఐదు. గురువారం తొంభై ఏడో కార్డు దగ్గర తువ్వాలు జారింది, చెయ్యి పాత పాట అందుకుంది. ఒకటి పోయింది. మిగిలిన ఆ ఒక్క అదనపు కార్డు జోలికి వెళ్లే అవసరం మాత్రం రానివ్వలేదు.

శుక్రవారం పొద్దున కోడలు కార్డులన్నీ తెరిచి పరిచి, వెనక వైపు వేసే చిన్న ముద్ర నా ముందు పెట్టింది. చేత్తో చేసిన కార్డని తెలిసేలా అరచెయ్యి బొమ్మ ఉంటుంది దాని మీద. తన ఎడమ చేత్తోనే తువ్వాలు ముడి విప్పింది.

"ఇది మాత్రం మీ పద్ధతిలోనే వేయండి, మామయ్యా."

నూట ఇరవై సార్లు ధబ్ ధబ్. ఏ గోడ పగలగొడుతున్నారో చూద్దామని పక్కింటావిడ వచ్చింది.

నాలుగింటికి నర్సు వచ్చి, ఒక పువ్వు మీద వేలు ఆనించి చూసుకుని, వచ్చే ఏడాదికి కూడా అప్పుడే చెప్పి పోయింది. పెట్టెలు అటకెక్కలేదు. కోడలి మణికట్టు బాగైనా పెద్ద ఆర్డరు వస్తే పువ్వులు నేనే వేస్తున్నాను. తువ్వాలు బల్ల పక్క మేకుకే వేలాడుతుంటుంది.