పెద్దమ్మ వంతు

మా కింది ఫ్లాట్ ముసలాయనతో నా పరిచయం తగాదాతోనే మొదలైంది. ఐర్లండ్‌లోని చెర్రీవుడ్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలోకి మేం అప్పుడే దిగాం. ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, చాప పరుచుకుని కింద కూచుని వయొలిన్ వాయించుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. వాయిస్తుంటే నా ఎడమ మోకాలు దానంతటదే నేల మీద తాళం వేస్తుంది. నా నేలంటే ఆయన పైకప్పు అన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక సాయంత్రం తలుపు కొట్టాడు. ఎర్రటి ముఖం, తెల్లటి కనుబొమలు, మెడకి మఫ్లరు. "మీ ఇంట్లో ఎవరో నాలుగు దెబ్బలు కొడుతున్నారు. తర్వాత రెండు, మళ్లీ రెండు. కొట్టడం గురించి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇందాక ఒక దెబ్బ తగ్గింది," అన్నాడు మహా మర్యాదగా.

నాకు ఒళ్లు మండింది. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ మండింది. నేను మత్తుమందు డాక్టర్ని. లెక్క తప్పావని ఎవరైనా అంటే ఒప్పుకునే జాతి కాదు మాది. అయినా లోపలికి పిలిచి టీ ఇచ్చాను. ఆ టీ తాగి ఆయన లేచేసరికి మా ఇంట్లో వంట టైం దాటిపోయింది.

ఆయన ఇంగ్లీషాయన. ఇంగ్లండులో ఒక పార్టీకి జీవితమంతా ఊడిగం చేశాడు. తాను ఏనాడూ ఎన్నికల్లో నిలబడలేదు, నిలబెట్టిన వాళ్లకి లెక్కలేదు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టడం, కరపత్రాలు పంచడం, నడవలేని ముసలమ్మల్ని కారెక్కించుకెళ్లి ఓటేయించడం ఆయన ఉద్యోగం. ఐరిష్ పిల్లని చేసుకుని, రిటైరయ్యాక ఆవిడ దేశానికి వచ్చేశాడు. ఆవిడ పోయింది. పిల్లల్లేరు. మిగిలిందల్లా పియానో, టీవీలో లండన్ పార్లమెంటు, ఆ పార్లమెంటుని తిట్టే హక్కు.

ఆ తిట్లు వినడానికి నేను క్రమం తప్పకుండా కిందికి దిగేదాన్ని. ఇంట్లో వాళ్లు సీరియళ్లు చూస్తే ఏడిపించే నేను, వాళ్ల ప్రధానమంత్రి ఎప్పుడు దిగిపోతాడా, వచ్చేదెవరా అని గుడ్లప్పగించి చూసేదాన్ని. మా జిల్లాలో పార్టీ మారేవాళ్లు కూడా పాత కండువా ఉతికి ఆరేసేంత టైమన్నా తీసుకుంటారు. వీళ్లకి ఆ ఓపిక కూడా లేదు. మా ఆయన లెపర్డ్స్‌టౌన్ ఆఫీసు నుంచి వచ్చి, ఇంట్లో నేను కనపడక కిందికొచ్చి, "మనముండేది ఐర్లండ్‌లో, వాళ్ల గోల మనకెందుకే?" అని గుమ్మంలోంచే అడిగేవాడు. అడిగి, సోఫాలో కూలబడి, బిస్కెట్లు తినేవాడు.

నేనాయన్ని అంకుల్ అన్నాను. "నేను మీకు ఏ వైపు నుంచి అంకుల్ని?" అన్నాడు. "పై ఫ్లాటు వైపు నుంచి," అన్నాను. ఆ తర్వాత పేచీ పెట్టలేదు. నన్ను మాత్రం డాక్టర్ అనే పిలిచేవాడు.

వాళ్లమ్మ సంగతి చాలా రోజులకి గానీ చెప్పలేదు. ఆవిడ వియన్నాలో పుట్టిన యూదు పిల్ల. నాజీల కాలంలో యూదు పిల్లల్ని కొందర్ని రైలెక్కించి ఇంగ్లండు పంపితే అందులో వచ్చింది. అక్క వయసు ఎక్కువైందని రైలెక్కనివ్వలేదు. అక్క, అమ్మ, నాన్న అక్కడే ఉండిపోయారు, ముగ్గుర్నీ చంపేశారు. ఎక్కడో, ఏ రోజో ఆవిడకి చివరిదాకా తెలియలేదు.

వియన్నాలో ఆ అక్కచెల్లెళ్లు ఒకే పియానో ముందు కూచుని ఒక పాట వాయించేవాళ్లట. ఇంట్లో ఎవరో కట్టిన వరస, అచ్చులో ఎక్కడా లేదు. ఒక వాక్యం చెల్లెలిది, దానికి జవాబుగా తర్వాతి వాక్యం అక్కది. ఇంగ్లండు వచ్చాక ఆ చెల్లెలు గిన్నెలు తోముతూ ఆ పాటే కూనిరాగం తీసేది. తన వాక్యం తీసి, అక్క వాక్యానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్లీ తన వాక్యం అందుకునేది. ఆగినప్పుడు చేతులు కూడా ఆగేవట.

"పాటంటేనే అలా ఉంటుందనుకున్నాను, స్కూల్లో చేరేదాకా," అన్నాడు. అక్క వాక్యాల్లో ఒక్క స్వరం కూడా ఆయనకి తెలియదు. తల్లి ఎప్పుడూ వినిపించలేదు, ఈయన అడగలేకపోయాడు.

"అమ్మ అక్కని మీ భాషలో ఏమంటారు?" అని అడిగాడు.

"పెద్దమ్మ."

అర్థం చెప్పించుకున్నాడు. రెండుసార్లు పలికి చూసుకున్నాడు, రెండోసారి బాగానే వచ్చింది. అప్పట్నుంచి ఆయన నోట ఆవిడ పెద్దమ్మే.

ఆయన కోరిక ఒక్కటే. వేళ్లు బిగుసుకుపోతున్నాయి. అవి పూర్తిగా మొండికేసేలోపు ఒక్కసారి ఆ పాటని నలుగురి ముందు వాయించాలి, ఆ ఖాళీలతో సహా. "ముఖ్యంగా ఖాళీలే, డాక్టర్. ఆ ఖాళీ ఎవరిదో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను," అన్నాడు. అలమరలోంచి ఇంకో కప్పు తీసే వంకతో వంటగదిలోకి వెళ్లాను.

జనవరిలో ఇక్కడ కమ్యూనిటీ హాల్లో, నాజీలు చంపిన యూదుల్ని తలుచుకుంటూ ఒక సాయంత్రం జరుపుతారు. జరిపించేది మా వీధి చివరి రిటైర్డ్ టీచరమ్మ. ఏం చెప్పినా "గ్రాండ్" అంటుంది. వాన పడుతోందన్నా గ్రాండే, హీటర్ పాడైందన్నా గ్రాండే. ఏటా ఆవిడ ఈయన్ని వాయించమని అడగడం, ఈయన తల అడ్డంగా ఊపడం మామూలు. ఆ ఏడు సరేనన్నాడు. అన్న వారానికే, ముఖ్య అతిథిగా ఎవరొస్తున్నారో తెలిసి, చస్తే రానన్నాడు.

వచ్చేది సముద్రం అవతల ఒకప్పుడు మంత్రిగా వెలగబెట్టిన పెద్దమనిషి. ఈయన పార్టీయే. మొదటిసారి ఎన్నికల్లో అతన్ని గెలిపించింది స్వయానా ఈయనే. "యుద్ధాల్లోంచి పారిపోయి వచ్చే పిల్లల్ని దేశంలోకి రానివ్వొద్దని చెయ్యెత్తినవాడు. జనవరి వచ్చేసరికి మా అమ్మ ఎక్కిన రైలు గురించి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. చాలా బాగా ఏడుస్తాడు, ఆ విద్య నేర్పింది కూడా నేనే. అతను ఏడ్చిన స్టేజీ మీద నేను పెద్దమ్మని కూర్చోబెట్టను," అన్నాడు. కోపం నాకూ వచ్చింది. అయితే నా కోపం ఎప్పుడూ కాస్త వంకర దారిలో పోతుంది.

మా తెలుగువాళ్ల ఉగాది సభల్లో నాకు చాలా అనుభవం ఉంది. పిల్లలు కూచిపూడి గజ్జెలు కట్టుకుని తెర వెనక నిద్రపోతుంటారు, ముందు ముఖ్య అతిథి మాతృభాష గురించి ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంటాడు. ఆఖరికి హాలు తాళాలవాడొచ్చి నిలబడితే, మిగిలిన ముక్కలో పిల్లలు పరుగు పరుగున ఆడి దిగుతారు. అంటే స్టేజీ మీద టైం ఎవరో ఒకరు తినేస్తారు, ఆ తినేదేదో మనమే తింటే సరి.

"అంకుల్, మీరు వాయించకపోతే మీ టైం కూడా ఆయనకే ఇస్తారు," అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి.

"ఆ పాటని ఎంత నిదానంగా వాయించొచ్చంటారు?" అన్నాడు.

టీచరమ్మకి నేనే ఫోన్ చేశాను. ముసలాయన వస్తాడనీ, పాట కాస్త పెద్దదనీ, మధ్య మధ్య ఖాళీలుంటాయి గనక ఇంకా పెద్దదవుతుందనీ, హాలు మూసే టైం కచ్చితం కాబట్టి ఉపన్యాసాన్నే కాస్త కుదించాలనీ చెప్పాను. "గ్రాండ్," అంది. ఆ మాట నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు.

ఖాళీల్లో హాలంతా దగ్గుతారని ఆయన భయం. మా సంగీతంలో శ్రుతి నడుస్తున్నట్టు సన్నగా ఒక్క స్వరం వెనకాల ఉంటే జనం చెవులొగ్గుతారని నేనన్నాను. ఒప్పుకున్నాడు. షరతు మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పాడు. "ఒకే స్వరం. అంతకు మించి ఏమీ వద్దు. అది పెద్దమ్మ వంతు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు." ముట్టుకోనని మాటిచ్చాను.

ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. రాజమండ్రిలో నేను నేర్చుకున్నది పక్కవాద్యం. పాడేవాళ్లు ఒక సంగతి పాడి ఆగగానే, పక్కనున్న వయొలిన్ దాన్ని అందుకుని తిరిగి పలకాలి. గొంతు ఆగిన చోట కమాను ఊరుకుంటే మా మాస్టారు చేతిలోని విసనకర్రతో మోకాలి మీద ఒకటిచ్చేవారు. అలా తయారైన చెయ్యి, నన్నడిగి ఏదీ చెయ్యదు. సాధన చేసినన్నాళ్లూ ముసలాయన కళ్లు నా కమాను మీదే ఉండేవి కాబట్టి బుద్ధిగా ఉంది.

ఆ సాయంత్రం హాలు నిండింది. నేను స్టేజీ మీద చాప పరుచుకుంటుంటే టీచరమ్మ కుర్చీ తెచ్చింది, వద్దంటే దిండు తెచ్చింది. మా ఆయన ముందు వరసలో కూచున్నాడు. నిద్రపోతే ఇంటికి రానక్కర్లేదని ముందే చెప్పాను. మాజీ మంత్రి వచ్చీ రాగానే ముసలాయన్ని కావలించుకుని, "నన్ను ఇంతవాణ్ని చేసింది ఈయనే," అన్నాడు. "ఆ పాపం నాదే," అన్నాడు ఈయన. అతను పగలబడి నవ్వాడు.

ఉపన్యాసం మొదలైంది. స్టేషను, సూట్‌కేసు, బొమ్మ పట్టుకున్న చిన్నపిల్ల అన్నీ వచ్చాయి. గొంతు వణికింది. చెయ్యి జేబు రుమాలు దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడు టీచరమ్మ లేచి, "గ్రాండ్, గ్రాండ్," అంటూ మైకు చేతిలోకి తీసుకుంది. రుమాలు సగం బయటా సగం లోపలా ఉండగానే అతను కూచోవాల్సొచ్చింది. ముసలాయన నా వైపు చూడలేదు గానీ, మఫ్లరు వెనక ఏం జరుగుతోందో నాకు తెలుసు.

కొవ్వొత్తులు వెలిగించారు. దాంతో నా వేళాకోళం అంతా అణిగిపోయింది. ఆయన పియానో ముందు కూచుని, ఈ పాట ఇద్దరిదనీ, వినపడేది ఒకరి వాక్యాలేననీ మాత్రం చెప్పి మొదలుపెట్టాడు.

మొదటి వాక్యం, తర్వాత ఖాళీ. నా ఒక్క స్వరం సన్నగా నడిచింది. ఎవరూ దగ్గలేదు. రెండో వాక్యం, ఖాళీ. మూడో వాక్యంలో ఆయన వేలు తడబడింది. చివరి స్వరం గాలి తీసిపోయినట్టు వచ్చి ఆగింది. ఇంట్లో ఎప్పుడూ అంత దిక్కులేనట్టు ఆగలేదు అది.

నా చెయ్యి కదిలింది. ఆయన వదిలేసిన కొసని పట్టుకుని, కొంచెం తిప్పి, నెమ్మదిగా షడ్జం మీదికి దించింది. దించాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు. ఎన్ని ఆపరేషన్లలో నిలబడ్డానో, నా చేతులు అంత చల్లబడటం ఏనాడూ ఎరగను. ఆ మనిషి జీవితమంతా కాపాడుకున్న ఖాళీని, ముట్టనని మాటిచ్చి, నలుగురి ముందూ పూడ్చేశాను.

ఆయన తల తిప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూచున్నాడు. తర్వాత తల్లి నాలుగో వాక్యం అందుకున్నాడు. నేను కమానుని గట్టిగా బిగపట్టి ఒక్క స్వరం మీదే నిలబెట్టాను. ఖాళీ వచ్చింది. దాని నిడివి అయిపోయింది. ఆయన మొదలుపెట్టలేదు. మర్చిపోయాడేమోనని హడలిపోయాను. టీచరమ్మ గడియారం చూసింది.

అప్పుడు నా వైపు తిరిగాడు. కనుబొమలు రెండూ పైకెత్తి, అలాగే చూస్తూ ఉన్నాడు. ఎదురు చూస్తున్నాడు.

వాయించాను. ఆయన వాక్యం ఆయనకే తిరిగిచ్చినట్టు, నాకు తెలిసిన ఒకే పద్ధతిలో వాయించాను. కళ్లలో నీళ్లు నిండి తీగలు కనపడలేదు. ఆయన తర్వాతి వాక్యం అందుకున్నాడు, నేను జవాబిచ్చాను. చివరిదాకా అలాగే వెళ్లాం. చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పారు కాబట్టి హాలు ఊరికే కూచుంది. మా ఆయన నిద్రపోలేదు.

తిరుగు ప్రయాణంలో కారులో నేను రెండుసార్లు క్షమాపణ మొదలుపెడితే రెండుసార్లూ ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, అద్దంలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"పెద్దమ్మ అలా జారుతూ వాయించదు, డాక్టర్."

నేను ఆయన వైపు తిరిగాను.

"ప్రతి స్వరాన్నీ విడిగా, శుభ్రంగా పలికిస్తుంది. మీరు మరీ లాగుతున్నారు. పైగా ఆవిడకి ఓపిక తక్కువ. మా అమ్మ వాక్యం పూర్తికాక ముందే అందుకుంటుంది."

ఆయన పుట్టకముందే పోయిన మనిషి ఆవిడ. "మీకెలా..." అని మా ఆయన ఏదో అడగబోతే చెయ్యి గిల్లాను.

"రేపు రండి, సరిచేసుకుందాం," అన్నాడు ముసలాయన. "ఇలా వాయిస్తే ఆవిడ ఊరుకోదు."