పరీక్ష ఉందో లేదో చెప్పని మనిషి

మా ఆవిడ సంతాప సభలో ఆమె ఆఫీసువాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి, మేడమ్ చాలా మితభాషి అన్నారు. నేను ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కాయన భుజం తట్టాడు. నిజానికి నవ్వాపుకుంటున్నాను. పొద్దున కుక్కర్ పెట్టిన దగ్గర్నుంచి రాత్రి దుప్పటి కప్పుకునేదాకా మాట్లాడే మనిషి ఆమె. వాళ్లు చెప్పిన మితభాషి ఎవరో గాని, నాకు పరిచయం కాలేదు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాట ఒప్పుకోవాలి. రేపు పరీక్ష ఉందా, లేదా? ఈ ఒక్క ప్రశ్నకు ఆమె నోటికి తాళం పడేది.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి, అక్కడే అసిస్టెంట్ రిజిస్ట్రార్ అయింది. నాది దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ వెతికిపెట్టడం నా పని. చదువు ఎనిమిదో తరగతి. తొమ్మిదో తరగతికి నేను నచ్చలేదు. వాళ్లది గోదావరి వైపు, తండ్రి ఉద్యోగం మీద వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. మాది హయత్‌నగర్. పెళ్లికాక ముందు ఒక ఆకుపచ్చ చీర పట్టుకుని నా షాపుకొచ్చి, నేను చూపించిన ప్రతి ముక్కనూ కాదని, చివరికి నన్ను ఔనంది. అబ్బాయి చదువేంటని వాళ్లింట్లో అడిగితే, ఇద్దరికీ సరిపడా నేను చదువుకున్నానులే అందట.

ఆమె ‘ఏమండీ’ అంటే నేను ‘ఏందే’ అనేవాణ్ణి. మా కాపురం అట్లా రెండు యాసల్లో హాయిగా నడుస్తుండగా తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఎప్పుడు బంద్ పిలుపొస్తుందో, ఏ పరీక్ష వాయిదా పడుతుందో ఎవరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే గల్లీ నిండా హాస్టళ్లు, హాస్టళ్ల నిండా పిల్లలు. పరీక్షల మేడమ్ ఈ గల్లీలోనే ఉంటుందని తెలిశాక మా ఇంటి ఫోన్‌కు తీరిక లేకుండా పోయింది. నేనెత్తితే, పరీక్ష ఉంది గాని నువ్వు పాసవ్వవు బాబూ అని పెట్టేసేవాణ్ణి. ఆమె ఎత్తితే ఒకటే జవాబు: ప్రకటన వచ్చేదాకా ఉన్నట్టే, చదువుకోండి.

పిల్లలు ఊరుకుంటారా? టీకొట్టు దగ్గర నిలబడి ఆమె చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను చదవడం మొదలుపెట్టారు. మూడు గిన్నెల క్యారియర్ అయితే ఆఫీసులో ఆలస్యమవుతుంది, కనుక పరీక్ష ఉంది. చిన్న డబ్బా అయితే వాయిదా. ఆ సంగతి నేనే నవ్వుతూ ఆమెకు చెప్పాను. మర్నాటి నుంచి సెలవు రోజు కూరగాయలకు వెళ్లినా మూడు గిన్నెల క్యారియర్ పట్టుకునే వెళ్లేది.

అట్లాగని ఉద్యమానికి దూరంగా ఏమీ లేదు. క్యాంపస్‌లో పిల్లల మీద బాష్పవాయువు వదిలిన రోజు ఎర్రటి కళ్లతో ఇంటికొచ్చి, అన్నం తినకుండా కూర్చుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఉద్యోగులు వంటావార్పు చేస్తే వెళ్లి పప్పు తిప్పింది. మీరు ఆంధ్రా కదా మేడమ్ అని ఎవరో గిచ్చితే, ఉప్పు సరిపోయిందో లేదో చూసి అప్పుడు చెప్పండి అందట.

ఆ ఏడు ఎండాకాలంలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. ఈ వయసులో మత్తు తట్టుకుంటుందో లేదో గట్టిగా చెప్పలేమని డాక్టర్ అన్నాడు. అమ్మ మనవరాలిని పిలిపించమని ఒకటే పోరు. మా ఆవిడ ఉద్యోగానికి పోతే బిడ్డను పెంచింది అమ్మే మరి. ఆపరేషన్ రోజే బంద్. అదే రోజు మా అమ్మాయికి డిగ్రీ ఆఖరి పేపరు, బాటనీ.

సాయంత్రం వాళ్లమ్మ ఆఫీసు నుంచి రాగానే అమ్మాయి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“మమ్మీ, ఒక్క మాట చెప్పు. ఎగ్జామ్ లేకుంటే నేను నాయినమ్మ దగ్గరికి పోత. ఉంటే చదువుకుంట. ఉన్నదా, లేదా?”

“ప్రకటన రాలేదమ్మా.”

అమ్మాయి పుస్తకం సోఫా మీదికి విసిరి ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ ముఖం కూడా కడుక్కోలేదు. ఆ పుస్తకం తీసి అమ్మాయి చేతిలో పెట్టింది.

“పరీక్ష సంగతి నన్నడక్కు. నానమ్మ అక్కడ ఎదురుచూస్తోందన్నది మాత్రం ఖాయం. పద, అక్కడే చదువుదువు గాని.”

ముగ్గురం ఒకే స్కూటర్ మీద బయల్దేరాం. రేపటి బంద్ భయానికి దుకాణాలు ముందే షట్టర్లు దించుకుంటున్నాయి. కొత్తపేట దగ్గర పండ్ల మార్కెట్ నుంచి మామిడిపండ్ల వాసన రోడ్డంతా కప్పేసింది. ఆ వాసనలో స్కూటర్ నేల మీద పోతున్నట్టే అనిపించలేదు నాకు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ దారి మొత్తం పసుపు పచ్చగానే కనబడుతుంది.

మనవరాలిని చూడగానే అమ్మ కళ్లు వెలిగాయి. వెంటనే దాని చేతిలోని పుస్తకం కనబడి చిన్నబోయాయి. అమ్మాయి మంచినీళ్లకు వెళ్లగానే కోడలిని పిలిచింది.

“కోడలా, జర ఇటు రా. పోరికి రేపు పరీచ్ఛ ఉన్నదా? నాకు చెప్పు. గీ మంచం ఇడిసి యాడికి పోత, ఎవ్వలికి చెప్త?”

మా ఆవిడ తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత వంగి, అమ్మ చెవిలో ఏదో అంది. నేను మంచం ఇవతలి పక్క ఉన్నాను. మెడ సాగింది గాని చెవులు సాగలేదు. అమ్మ ముఖం మాత్రం దీపం వత్తి ఎగదోసినట్టయింది. అమ్మాయి నీళ్లు తేగానే, పుస్తకం తియ్యి బిడ్డా, పైకి సదువు, నేను ఇంట అంది.

అమ్మాయి గింజ పాఠం చదివింది. గింజ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పై పొర చిట్లుతుంది, ముందు వేరు కిందికి దిగుతుంది. అమ్మ టీవీ సీరియల్ విన్నట్టు వింటోంది. మల్ల? మొలక బయటికొచ్చెనా? అని అడుగుతోంది. పక్క మంచం ఆవిడ కూడా ఇటు తిరిగి పడుకుంది. పైన ఫ్యాను, కింద పిల్ల గొంతు. ఆ గదిలో ఎవరికీ ఏ నొప్పీ లేనట్టుంది. వాళ్లిద్దరినీ అట్లాగే వదిలి మేం ఇంటికొచ్చాం.

పొద్దున మేం వెళ్లేసరికి దవాఖాన టీవీలో కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి, నేటి పరీక్షలన్నీ వాయిదా అని. అమ్మను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అమ్మాయి పక్కనే పరుగెత్తుతూ చెప్పింది.

“నాయినమ్మా, ఎగ్జామ్ లేదంట.”

“నాకు రాత్రే ఎర్క.”

“మరి అంతసేపు ఎందుకు చదివించినవ్?”

“లేదంటే ఫోన్ పట్టుకొని దోస్తుల దిక్కు పోతుంటివి. నీ గొంతు నాకేడ దొరుకు?”

అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

మేం బయట బల్ల మీద కూర్చున్నాం. ఇన్నేండ్ల మొగుణ్ణి, నాకు చెప్పకపోతివి, మా అమ్మకు చెప్తివి అని నిలదీశాను. పైవాళ్లు తెల్లారేదాకా బయట పెట్టొద్దన్నారని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి అంది:

“ఆవిడ ఆపరేషన్‌కి వెళ్లే మనిషండీ. మీరు టీకొట్టుకు వెళ్లే మనిషి.”

రాత్రంతా నిద్రపోలేదేమో, మాట పూర్తవగానే నా భుజం మీద తల వాల్చేసింది. నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకునేది కాదు. బయట రోడ్డు మీద ఒక్క బండి లేదు. హైవే అంతా ఆమె నిద్ర కోసమే ఆపినట్టు నిశ్శబ్దం.

ఎంతసేపైందో, నర్సు తలుపు తీసి, పెద్దమ్మ బాగుంది, మెలకువ కూడా వచ్చింది అంది. అమ్మాయి లోపలికి పరుగెత్తింది. ఏ కబురైనా నా నోట్లో నిమిషం నిలవదని గల్లీ అంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం భుజం కదపకుండా, ఆ కబురు నా దగ్గరే పెట్టుకుని, ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను.