నా భుజం మీంచి వెళ్లిన బంతి

పోయిన నెల కుడి భుజం పట్టేసి, చెయ్యి చెవి దాకా కూడా లేవని స్థితిలో, సింగపూరు పుంగ్గోల్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్కి వెళ్లాను. అక్కడి అమ్మాయి నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాత నన్ను తల నుంచి పాదాల దాకా ఒకసారి పరికించి, వయసులో ఉన్నప్పుడు ఏదో విసిరే ఆట ఆడి ఉంటారని తనంతట తానే తేల్చేసి, ఏ ఆట అంకుల్ అని ఇంగ్లీషులో అడిగింది. భుజం పట్టేసింది అల్మరా మీదికి సూట్‌కేసు ఎక్కించబోయి. ఆ ముక్క చెప్పేస్తే సరిపోయేది. కానీ ఏళ్ల తరబడి అలవాటైపోయిన నోరు కదా, అమెరికన్ ఫుట్‌బాల్ అన్నాను, పైగా క్వార్టర్‌బ్యాక్ అని కూడా అన్నాను. ఆ అమ్మాయి ముఖంలో కనబడిన గౌరవం చూసి నాకు భుజం నొప్పి కంటే సిగ్గు ఎక్కువైంది.

మీలో ఎవరైనా నా అంత ఆకారంతో పుట్టి ఉంటే నా బాధ చప్పున అర్థమవుతుంది. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దానికి తగ్గ భుజాలు, ఇవేవీ నేను కోరుకున్నవి కావు, మా కడప తాతగారి నుంచి వచ్చినవి. బళ్లో నాటకం వేస్తే నాకు భీముడి వేషమే. గద పట్టుకుని వేదిక ఎక్కగానే పద్యం మరిచిపోయేవాణ్ణి, అయినా మరుసటి ఏడాది మళ్లీ నన్నే పిలిచేవారు. కాలేజీలో వ్యాయామం మాస్టారు నన్ను చూడగానే ఇనుప గుండు తెచ్చి చేతిలో పెట్టారు, అది నా కాలి బొటనవేలికి రెండడుగుల దూరంలో పడింది. ఇంట్లో పెళ్లయితే అన్నం గుండిగ దించడానికి ముందు నా పేరే వినబడేది. పైన పటారం, లోన లొటారం అని మా పెద్దమ్మ నన్ను చూసి నవ్వేది కానీ, మిగతా లోకానికి ఆవిడ తెలివి లేదు. మనిషి పొడుగ్గా ఉంటే ధైర్యం కూడా అంతే పొడుగ్గా ఉంటుందని జనం ఎందుకు అనుకుంటారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ ఆకారంతోనే, పాతికేళ్లు దాటిన వయసులో, ఒక అమెరికా బ్యాంకు ఆఫీసులో కాంట్రాక్టు ప్రోగ్రామరుగా సింగపూరులో దిగాను. హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అందులో నాతోపాటు ఉండేది అదే ఆఫీసులో పనిచేసే హైదరాబాదు మిత్రుడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతనూ నన్ను భాయ్ అనే పిలిచేవాడు, అలా పేర్లతో పని లేకుండానే మా కాపురం సాగింది. అతనిది ఐదడుగుల మూడంగుళాల ఎత్తు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గానీ, భాయ్‌కి ఉన్నవన్నీ మంచి బుద్ధులే. కొత్తగా పెళ్లయింది, భార్య హైదరాబాదులో పుట్టింట్లో ఉంది, నెల తప్పింది. బిడ్డ పాకేలోగా ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకోవాలన్నది అతని ఏకైక ధ్యేయం. ఆదివారం పూట సెరంగూన్ వైపు అద్దె ఫ్లాట్లు చూడటానికి వెళ్లేవాడు, నన్నూ లాక్కుపోయేవాడు. వంటిల్లు చూడడు, కిటికీ చూడడు, సరాసరి పడకగదిలోకి వెళ్లి తలెత్తి కప్పుకేసి చూసేవాడు, ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఏమైనా ఉందేమోనని. ఈ కాంక్రీటు కప్పుల్లో కొక్కేలెక్కడివి?

భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే ఉద్యోగం పర్మనెంటు కావాలి. మా కాంట్రాక్టులు ఇంకో నాలుగు నెలల్లో ముగుస్తాయనగా, మా ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటారన్న మాట ఆఫీసులో పొక్కింది. నిర్ణయం మా అమెరికా మేనేజరుది. ఆయన మంచివాడే, కానీ ఆఫీసులో మా ముఖాలు ఆయనకు పెద్దగా గుర్తుండేవి కావు. ఆయన మనుషుల్ని గుర్తుపట్టేది ఆదివారం సాయంత్రం మైదానంలో. అక్కడ ఆయన తన దేశపు ఫుట్‌బాల్‌ని మా చేత ఆడించేవాడు. మోదుకోవడాలు, పడెయ్యడాలు లేని రకం అది, నడుముకి కట్టుకున్న గుడ్డపీలిక లాగేస్తే మనిషి ఔటైనట్టు లెక్క. బంతి చూడబోతే పీచు వలవని కొబ్బరికాయ. ఒకడు వంగి దాన్ని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు, వెనక నిలబడినవాడు దాన్ని పట్టుకుని, ముందుకు పరిగెత్తే తనవాళ్లలో ఒకడికి విసురుతాడు. ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. జట్టు మొత్తానికి అతనే పెళ్లికొడుకు.

మొదటి ఆదివారం మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, మేనేజరు నా దగ్గరికి వచ్చి, ఒక్క ప్రశ్న అడగకుండా బంతి నా చేతిలో పెట్టాడు. తర్వాత లాంఛనంగా అందరి చేతా ఒక్కొక్కసారి విసిరించాడు. భాయ్ వంతు వచ్చినప్పుడు, గల్లీ క్రికెట్‌లో వికెట్లకేసి బంతి విసిరే అలవాటు ప్రకారం, చెయ్యి పైకెత్తకుండా నడుము పక్క నుంచి సర్రున తిప్పి వదిలాడు. ఆ కొబ్బరికాయ గిర్రున తిరుగుతూ, మైదానం చివరికంటా గీత గీసినట్టు వెళ్లింది. అందరం నోరు తెరిచి చూశాం. మేనేజరు కూడా మెచ్చుకున్నాడు, మెచ్చుకుంటూనే తల అడ్డంగా ఊపాడు. క్వార్టర్‌బ్యాక్ అన్నవాడు ఎదుటివాళ్ల తలల మీంచి చూడాలట, చెవి పై నుంచి విసరాలట, ఈ ఎత్తు నుంచి పక్కగా విసిరితే బంతి ఎవరో ఒకరి చేతికి తగిలి పడిపోతుందట. అలా భాయ్ పరిగెత్తేవాళ్లలో చేరాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను నొచ్చుకుంటుంటే అతను నవ్వేశాడు.

"నేను మంది మీదికెళ్లి చూడ భాయ్, మంది నడిమికెళ్లి చూస్త. ఆయనకేం ఎరుక?"

ఇక నా విసురు సంగతి. విస్తట్లో లడ్డూ వడ్డించినట్టు ఉండేది. పది అడుగుల దూరంలో ఉన్నవాడికి మెత్తగా, మర్యాదగా అందేది, ఆ పైన ఒక్క గజం పోయేది కాదు. విచిత్రమేమిటంటే, ఆ చిన్న చిన్న విసుర్లలో కూడా మా మేనేజరుకి ఏదో గొప్పతనం కనిపించేది. ఇతనికి ఓపిక ఎక్కువ, భుజంలోని బలాన్ని సమయం కోసం దాచుకుంటున్నాడని అందరితో చెప్పేవాడు. అవే విసుర్లు భాయ్ విసిరి ఉంటే, పొట్టి చెయ్యి కదా, ఇంతకంటే ఏం పోతుందిలే అని ఉండేవాడు. సాయంత్రాలు హౌగాంగ్ మైదానంలో భాయ్ నాకు నేర్పడానికి చాలా తంటాలు పడ్డాడు, మణికట్టు పట్టుకుని తిప్పాడు, పాదం ఎక్కడ పెట్టాలో చెప్పుతో గీత గీసి చూపించాడు. నా చేతికి రాలేదు. ఈ పనికి నేను తగను, భాయ్‌ని పెట్టండి అని మేనేజరుతో చెప్పాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. చెప్పి ఉంటే అప్పుడే తీరిపోయేది. కానీ నిజం ఒప్పుకుంటాను, ఆ ఉద్యోగం నాకూ కావాలి. నలుగురూ నన్ను చూసి ఆశపడటం నాకు భయంగానూ ఉండేది, లోలోపల బాగుండేది కూడా.

చివరి ఆట వేరే ఆఫీసు వాళ్లతో. మోకాలు బెణికిన మేనేజరు మైదానం ఆ చివర, మేము బంతి చేర్చాల్సిన వైపు, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన పై అధికారి. సాయంత్రపు ఎండ మా వెనక నుంచి నేరుగా వాళ్ల కళ్లలో కొడుతోంది. ఇక ఒకే ఒక్క అవకాశం మిగిలింది, బంతి ఆ చివరిదాకా వెళితేనే గెలుపు. మేనేజరు కుర్చీలోంచి చెయ్యెత్తి, ఇక్కడికి విసురు అన్నట్టు తన పక్కన నేలను చూపించాడు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిన నా వెనక్కి భాయ్ వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు గోడ లెక్క నిలబడు భాయ్. బాల్ వెనక్కి నాకియ్యి. నువ్వు చెయ్యి ఊపు, నేను ఇసురుత."

అది ఆటలో తప్పేమీ కాదు, వెనక్కి ఇవ్వవచ్చు. బంతి అందుకున్నాను, వెనక్కి ఇచ్చాను, చెయ్యి గాల్లో ఊపాను. వెనక నుంచి పైకి లేచి, నా భుజం మీంచి, చెవిని రాసుకుంటూ, బుస్సుమని ఏదో వెళ్లింది. పరిగెత్తేవాళ్లంతా మాకు వీపు పెట్టి ఉన్నారు. ఎదుటివాళ్లకు నా వెనకున్న మనిషి కనబడనే లేదు. బంతి వెళ్లి వెళ్లి, మేనేజరు కుర్చీకి నాలుగడుగుల దూరంలో మావాడి చేతుల్లో వాలింది.

మేనేజరు బెణికిన మోకాలు మరిచిపోయి కుంటుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. మొదటిరోజు చూడగానే నాకు తెలుసు అన్నాడు. పై అధికారికి నన్ను పరిచయం చేశాడు. నేను నోరు తెరిచాను, ఆయన మాటల మధ్య నా మాట దూర్చే సందు దొరకలేదు. వెనక్కి తిరిగి చూస్తే అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది భాయే. బంతి వంగి అందించిన మా చైనీసు సహోద్యోగికి మాత్రమే అసలు సంగతి తెలుసు, అతను పడీపడీ నవ్వుతూ మా ఇద్దరి వీపులూ చరిచి, ఇక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించాడు.

"వా, యూ టూ వన్ బాడీ, టూ హెడ్, లా."

అందరం మకాన్‌కి, అంటే ఆ రాత్రి భోజనానికి, హాకర్ సెంటరుకి వెళ్లినప్పుడు మేమే బయటపెడతామని అతను అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా అక్కడ మేనేజరు బల్ల బల్లకీ వెళ్లి ఆ కథ చెబుతుంటే, కథ పెద్దదైపోతుంటే, నేను కుక్కిన పేనులా కూర్చుని నూడుల్స్ తిన్నాను.

మరునాడు చెప్పాలని ఆయన గది దాకా వెళ్లాను. నన్ను చూడగానే ఆయన చెయ్యి చెవి పైకెత్తి బంతి విసిరినట్టు చేసి నవ్వాడు, నేనూ నవ్వి వెనక్కి వచ్చాను. ఆ వారంలో మూడుసార్లు అలాగే జరిగింది. తర్వాతి వారం నాకు పర్మనెంటు ఉత్తరం వచ్చింది. ఆ బంతి వల్లే వచ్చిందని ఎవరూ అనలేదు, అందులో అలా రాసి కూడా లేదు. ఏమో, నా పని చూసే ఇచ్చారేమో. ఈ "ఏమో"తోనే నా ఉద్యోగ జీవితం మొత్తం గడిచిపోయింది.

ఆ రోజు సాయంత్రం గదిలో, ఇప్పుడే వెళ్లి చెప్పేస్తానని చెప్పులు వేసుకున్నాను. భాయ్ మంచం మీద కూర్చుని చొక్కాలు మడతపెట్టుకుంటున్నాడు, తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఇప్పుడు చెప్తే నీది బీ పోతది, నాకు బీ రాదు. ఊకో భాయ్."

నేను చెప్పులు విప్పేశాను. కాంట్రాక్టు ముగిశాక అతను మస్కట్‌లో ఏదో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో నేను ఏడ్చాను, అతను నన్ను ఓదార్చాడు, ఓదార్చడానికి మునివేళ్ల మీద నిలబడవలసి వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని ఈమెయిలు రాశాడు, పాప నడక నేర్చాకగాని తాను చూడలేకపోయానని ఇంకొకటి రాశాడు. దానికి ఏం జవాబు రాయాలో తెలియక నాలుగైదుసార్లు మొదలుపెట్టి మానేశాను. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

కిందటేడు సెరంగూన్ మాల్‌లో ఎస్కలేటరు దిగుతుంటే, భాయ్ అన్న పిలుపు వినబడింది. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి ఇంకొంచెం పొట్టయినట్టు అనిపించాడు. పక్కన అతని కూతురు. ఆ పిల్లకే ఇప్పుడు సింగపూరులో ఉద్యోగమట, ఆమెను చూడటానికి వచ్చాడట. ముగ్గురం కూర్చుని టీ తాగాం. అప్పుడు భాయ్ కూతురికి ఆ ఆట సంగతంతా చెప్పాడు. ఎండ, మేనేజరు కుర్చీ, బెణికిన మోకాలు, చివరి బంతి, ఒక్కటీ వదలలేదు. కానీ అతని కథలో ఆ బంతి విసిరింది నేను. అతను నా వెనక నిలబడి చూశాడు, అంతే. నేను అతని కళ్లలోకి చూశాను, ఏ మూలైనా కొంటెతనం కనిపిస్తుందేమోనని. లేదు. ఇన్నేళ్లు ఇంట్లో అలాగే చెప్పి చెప్పి తనే నమ్మేశాడో, లేక ఎప్పుడో ఆ బంతిని నాకు ఇచ్చేశాడో తెలియదు. ఆ అమ్మాయి నా భుజాలకేసి చూసి ముచ్చటపడింది.

"నాన్న ఎప్పుడూ మీ గురించే చెప్తుంటారు అంకుల్. మిమ్మల్ని చూస్తే తెలిసిపోతుంది లా."

నేను తల ఊపాను. లేచేటప్పుడు ఆ అమ్మాయి తన నంబరు నా ఫోనులో తనే ఎక్కించి ఇచ్చింది.

కాలం చాలా మారింది. ఇప్పుడు పిల్లలు ఆడుతుంటే మైదానం చుట్టూ పది ఫోన్లు లేస్తాయి, ఎవరు విసిరారో ఎవరూ దాచలేరు. సోమవారం పొద్దున టీవీలో ఆ అమెరికా ఆట వస్తే చూస్తుంటాను, నడుము పక్క నుంచి సర్రున విసిరే పొట్టి క్వార్టర్‌బ్యాక్‌లను ఇప్పుడు వ్యాఖ్యాతలు ఆకాశానికెత్తుతున్నారు. భాయ్ ఓ పాతికేళ్లు ముందు పుట్టాడు, అంతే. నిజం చెప్పేద్దామంటే, ఆ పిల్ల దగ్గర వాళ్ల నాన్న ఇన్నేళ్లుగా చెబుతున్న మాట అబద్ధమైపోతుంది. చెప్పకుండా ఉందామంటే, వాళ్ల నాన్న ఎంత బాగా విసిరేవాడో ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు. నంబరు నా ఫోనులో అలాగే ఉంది. ఏడాది దాటింది.