మా నాయన పేరు మీదున్న పొలం

మా ఊళ్ళో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా మా అరుగు దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆళ్ళగడ్డకు ఆటోలో పావుగంట దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. నంద్యాలలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, తిరిగొచ్చి సేద్యంలో పడినవాణ్ణి నేను. ఆ డిగ్రీ నాకు అన్నం పెట్టలేదుగానీ ఊళ్ళో దానికి కాస్త పరువుండేది. పింఛను, కులం సర్టిఫికెట్టు, పంట నష్టం, ఏదైనా సరే నేను రాసిచ్చేవాణ్ణి. ఊరికే రాసివ్వడం కాదు, చీవాట్లు కూడా పెట్టేవాణ్ణి. "ఏందప్పా ఇది, ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంగో పేరు ఉండాదే, ఇన్నేండ్లు ఏం చేస్తాండావ్?" అనేవాణ్ణి. ఎదుటివాడు తల గోక్కుంటుంటే నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. ఇప్పుడు ఆ సంతోషం గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాకు ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది ఎనిమిదో తరగతి. పెద్దది పదో తరగతి దాకా పక్కూరి సర్కారు బళ్ళో చదివి, ఇంటర్ బైపీసీకి నంద్యాలలో ఒక హాస్టల్ కాలేజీలో చేరింది. ఆదివారం వస్తే నేనూ నా భార్యా చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని బస్సెక్కేవాళ్ళం. కాలేజీ ప్రహరీగోడ నీడలో, గోస్పాడు నుంచీ ఆత్మకూరు నుంచీ వచ్చిన తల్లిదండ్రులు దుప్పట్లు పరుచుకుని కూర్చునేవాళ్ళు. పదిహేడేళ్ళ పిల్లలకు ఇంకా ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాళ్ళు. ఎవరిని కదిలించినా ఒకటే మాట, డాక్టరు. మా అమ్మాయి మాత్రం మొదటి ముద్ద మింగకముందే, "మినుముకు పల్లాకు తగిలిందా నాయనా? యాడ మొదలైంది, గట్టు పక్కనా, కాలువ పక్కనా?" అని అడిగేది.

పల్లాకు అంటే ఆకు మీద పసుపు మచ్చలు పడి, చేను మొత్తం పాలిపోయే తెగులు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మందు డబ్బా వీపుకు తగిలించుకున్న నన్ను ఆపి, "ముందు మచ్చలు పడిన మొక్కలు పీకి పారేయ్ నాయనా. తెల్లదోమ మోస్తాండాది దాన్ని" అంది. బళ్ళో పుస్తకంలో లేని సంగతి అది. యాడ చదివిందో, ఎవరిని అడిగిందో! కసురుకుంటూనే పీకాను. ఆ ఏడు చుట్టుపక్కల చేలన్నీ పోతే మాది సగమైనా దక్కింది.

అందుకే అది ఇంటర్ రెండో ఏట, "నాకు డాక్టరు సదువు వద్దు, అగ్రికల్చర్ బీఎస్సీ సదువుతా" అన్నప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. నా భార్య తల పట్టుకుంది. "ఈ మట్టి ఇడిసి పోవల్లని సదివిస్తాంటే, మట్టి గురించే సదువుతానంటాదేందీ!" అంది. నేను బిడ్డ పక్షం వహించాను. పిల్లల ఇష్టాన్ని గౌరవించే తండ్రినని గర్వపడ్డాను. నిజానికి సేద్యాన్ని ఇష్టపడే బిడ్డ నా కడుపున పుట్టిందన్నది అసలు గర్వం.

ప్రవేశ పరీక్ష ర్యాంకు వచ్చింది. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అందరితో పోటీలో ఆ ర్యాంకుకు అగ్రికల్చర్ సీటు రాదు. కానీ సొంత భూమి ఉండి, పల్లెల్లో పిల్లల్ని చదివించిన రైతులకు కొన్ని సీట్లు విడిగా ఉంటాయి. ఆ వాటాలో ముందటేడు ఏ ర్యాంకు దాకా సీట్లు ఇచ్చారో తీసి చూశాను. మా అమ్మాయి ర్యాంకు దానికి చాలా ముందే ఉంది. తహసీల్దారు ఇచ్చే రైతు సర్టిఫికెట్టు ఒక్కటి జతచేస్తే చాలు.

"ఖాయమేనా నాయనా?" అని అడిగింది.

"నీ నాయన రాసిన కాగితం యాడన్నా ఎనక్కొచ్చిందా పాపా?" అన్నాను.

మరో రెండు రోజులకు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు చెప్పాను. నా భార్యకు మనసు ఒప్పలేదు. "దేనికన్నా మంచిది, నర్సింగుకు గూడా ఒక అర్జీ పడేద్దామయ్యా" అంది. "రెండు పడవల మీద కాళ్ళెందుకే" అని నవ్వాను. నర్సింగు గడువు ఎప్పుడు దాటిపోయిందో కూడా నేను గమనించలేదు.

కౌన్సెలింగ్‌కు ఇంకా పది రోజులుందనగా, పాస్‌బుక్కు తీసుకుని మండలాఫీసుకు బయల్దేరాను. మా ఇంట్లో పొలం పాస్‌బుక్కు ఉండేది బీరువాలో కాదు, దేవుని గూట్లో. మా నాయన పోయి పదకొండేళ్ళయింది. బతికినన్నాళ్ళూ ఆయన స్టూడియో గడప తొక్కలేదు. పాస్‌బుక్కు కోసం ఊళ్ళోకే వచ్చి తీసి, అందులో అంటించిన చిన్న ఫొటో ఒక్కటే ఆయన ముఖానికి ఆనవాలు. పెద్దల అమావాస్య నాడు మా అమ్మ ఆ పుస్తకం తెరిచి, పుట అంచున కుంకుమ పెట్టి, దాని ముందు విస్తరి వేసి వడ్డించేది. పేరు మార్పిద్దామని నేను ఒకసారి అంటే, "కొత్తది ఇచ్చేటప్పుడు పాతది తీసుకుంటారంట గదరా. ఆయప్ప మొగం మల్లా నాకు యాడ కనపడతాది? నేనుండేంతవరకూ మార్పీయొద్దు" అని ఏడ్చింది. నేను మళ్ళీ ఆ మాటెత్తలేదు. మా అన్న నంద్యాలలో ఒక మిల్లులో పనికి కుదురుకున్నాడు. పొలం మొత్తం నేనే చేస్తూ, పంట రాగానే ఆయన భాగం గింజలు ఆయన ఇంటికి చేరవేసేవాణ్ణి.

ఆఫీసులో గుమాస్తా నాకు తెలిసినవాడే. పుస్తకం తెరిచి, కుంకుమ మరక చూసి, కంప్యూటర్లో నంబరు కొట్టాడు.

"పొలం మీ నాయన పేరు మీద ఉండాదన్నా" అన్నాడు.

"ఆయప్ప పోయి పదకొండేండ్లాయ. సేద్యం చేస్తాండేది నేనే గదా."

"చేస్తాంటావులే, నేను కాదన్ను. రికార్డులో మాత్రం నీకు సెంటు భూమి లేదు. సర్టిఫికెట్టు ఎట్లియ్యల్ల?"

ఇప్పుడే మార్పిస్తానన్నాను. అన్నదమ్ములు ఇద్దరూ పంచుకుని సంతకాలు పెట్టాలి, అర్జీ ఇవ్వాలి, నోటీసు వేయాలి, నెల పైనే పడుతుందన్నాడు. అయినా లాభం లేదన్నాడు. ఈ సీట్ల కోసమైతే భూమి కొన్నేళ్ళ ముందు నుంచే తల్లి పేరునో తండ్రి పేరునో ఉండాలట. అంటే వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాసినా దానికి దారి లేదు. పుస్తకం నా చేతికిస్తూ, "మొన్న మీ ఊరి ముసలామెకు వారసత్వం అర్జీ రాసిచ్చింది నువ్వే గదన్నా? ఒక్క తప్పు లేకుండా రాసింటివి" అన్నాడు. ఎగతాళికి అనలేదు, మెచ్చుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డదంటే ఇదే. బస్టాండు దాకా నడిచొచ్చి, రెండు బస్సులు వదిలేసి అక్కడే కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి సర్టిఫికెట్లన్నీ వరుసగా ఫైల్లో సర్దుతోంది. రైతు సర్టిఫికెట్టు కోసం ఒక కవరు ఖాళీగా ఉంచింది. జరిగింది చెప్పాను.

"అయితే రాదా నాయనా?"

"రాదు పాపా."

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఫైలు మూసి గూట్లో పెట్టి లోపలికి పోయింది. నా భార్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం భరించలేక, నేనే గొంతు పెంచి, "అంతా మీ అవ్వ వల్లనే పాపా. ఆ ఫొటో పిచ్చి వల్లనే" అని ఇంటికంతా వినబడేలా అరిచాను. మూల కూర్చున్న మా అమ్మ లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. "ఆ ఫొటో వరకు కత్తిరించి నాకియ్యి నాయనా. తక్కింది తీసుకపోయి బిడ్డకు సీటు తీసుకురా" అంది.

ఆమె మీద నింద వేశానుగానీ, అసలు సంగతి నాకు తెలుసు. ఆ ఫొటోను ఆళ్ళగడ్డలో ఏ స్టూడియోకు తీసుకుపోయినా పది నిమిషాల్లో పెద్దది చేసి పటం కట్టిచ్చేవాళ్ళు. నేను తీసుకుపోలేదు. పేరు మార్పించాలంటే అన్నతో పంపకం మాట్లాడాలి. మా పొలంలో కాలువ పక్కన ఒక మడి ఉంది. నీళ్ళు ముందు దానికే అందుతాయి. పంపకమంటే అన్న ఆ మడి అడుగుతాడని నాకు భయం. అమ్మ కన్నీళ్ళు నాకు సాకుగా దొరికాయి. పదకొండేళ్ళు ఆ సాకు చాటున హాయిగా మంచి మడి దున్నుకున్నాను. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

మరుసటి రోజు నంద్యాల పోయి అన్నను కలిశాను. మిల్లు ముందు టీ బంకు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి విషయమంతా విన్నాడు.

"కాలువ పక్క మడి..." అని నేను నసుగుతుంటే, "అది నువ్వే పెట్టుకోరా. నాకు నడుమే వంగదు, నేనేం మడి చేస్తా?" అన్నాడు. తర్వాత గ్లాసు బెంచీ మీద పెట్టి, "అడిగింటే ఆ పొద్దే సంతకం పెట్టింటి గదరా. పాప సదువు పాయె గదా అన్నేయంగా!" అన్నాడు. టీ ఇంకా చల్లారలేదు. నేను పదకొండేళ్ళు భయపడిన మాట అంతలో ముగిసిపోయింది.

వాటా లేకుండానే కౌన్సెలింగ్‌లో పేరు పెట్టాం. మొదటి జాబితాలో రాలేదు, ఆఖరి జాబితాలోనూ రాలేదు. అమ్మాయి రోజూ పొద్దున లేవగానే నా ఫోన్ తీసుకుని చూసి, మళ్ళీ దిండు పక్కన పెట్టేది. పొలం కాగితాల మీద అన్నదమ్ములం సంతకాలు పెట్టి వచ్చిన రోజు, నా భార్య బియ్యం చెరుగుతూ, "చిన్నదానికన్నా పనికొస్తాదిలే" అంది. ఓదార్పుకే అంది పాపం. పెద్దది పక్కనే కూర్చుని చెల్లెలికి జడ వేస్తోంది. "ఔ నాయనా, దీనికి పనికొస్తాది. భద్రంగా పెట్టు" అని జడ అల్లడం ఆపకుండా చెప్పింది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

చివరికి నంద్యాలలోనే ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ వృక్షశాస్త్రంలో చేర్పించడానికి పోయాం. ఫైలు నేను పట్టుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్న మేడం వివరాలు అడుగుతూ రాసుకుంటోంది.

"నాయన ఏం చేస్తాడు?"

"సేద్యం మేడం."

మేడం కలం ఆపి తలెత్తింది. "రైతుబిడ్డవే. అగ్రికల్చర్‌కు ప్రయత్నం చేయలేదా? మీకు విడిగా సీట్లుంటాయి కదా?"

ఇక అది చెప్పేస్తుంది, చెప్పాలి కూడా అనుకున్నాను. తప్పు నాదని నేనే ముందుగా చెప్పడానికి నోట్లో మాటలు సిద్ధం చేసుకున్నాను.

"రాసినా మేడం. నాకే ర్యాంకు సాల్లేదు" అంది మా అమ్మాయి.

"ఇంకొంచెం కష్టపడుంటే బాగుండేదమ్మా."

"ఔ మేడం" అని తల వంచుకుంది.

నేను దాని వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. తండ్రి సంతకం ఎక్కడ పెట్టాలో మేడం వేలితో చూపించింది. ముందుకు జరిగి సంతకం పెట్టాను.